చల్లగా ఉన్నప్పుడు మాత్రమే

మైనస్ ముప్ఫై నాలుగు.
షెడ్డు తలుపు సందుల్లో మంచు పళ్లు మొలిచాయి.
థోర్డిస్ ట్రక్కు దిగకుండానే మొదలుపెట్టింది:
"గేరులో వేస్తే ఏడు లెక్కపెట్టేదాకా కదలదు.
రెండు నుంచి మూడుకి పోవాలంటే
ఇంజను గొంతు చించుకుంటుంది,
ఆ తర్వాత వీపు మీద ఒక్క తన్ను.
పదిహేను కిలోమీటర్లు పోయాక
ఏమీ ఎరగనట్టు వెన్నలా నడుస్తుంది."

అదే చిక్కు.
నా దగ్గరికొచ్చేసరికి ప్రతి బండీ
డాక్టరు ముందు జ్వరం దిగిన పిల్లాడే.
"తాళాలిచ్చి పో. రాత్రంతా బయటే ఉంచి
పొద్దున్న అడుగుతాను దాన్ని."
"రేపు వల తీయాలి," అంది.
"మంచు కింద చేపలు నీ కోసం ఆగవు."
ఆర్మండ్ తన బండిలో ఆమెను సరస్సు దాకా దించి వచ్చాడు.

పొద్దున్న ఆరు. ఇంకా చీకటే.
తాళం తిప్పితే, ముసలాడు మంచం దిగినట్టు
కీలు కీలుకీ ఓ మూలుగు.
డ్రైవులో వేశాను.
ఒకటి, రెండు, మూడు...
నా ఊపిరి అద్దం మీద తెల్లగా పేరుకుంటోంది.
ఏడు దగ్గర ధబ్బుమని పట్టుకుంది.

అనుమానాలు వరసగా రావు, గుంపుగా వస్తాయి.
సోలినాయిడ్లా? వాల్వుల్లో జిగురా?
నూనె వేడి చెప్పే సెన్సారు అబద్ధమాడుతోందా?
కంప్యూటరు తగిలిస్తే సెన్సారు నిజాయితీగానే చెప్పింది:
మైనస్ ముప్ఫై ఒకటి.
తప్పుల పట్టీ ఖాళీ.
"గేరుబాక్సు పోయింది, మార్చేద్దాం," అన్నాడు ఆర్మండ్.
వాడికి ఇరవై ఏళ్లు.
ఆ వయసులో ప్రతిదానికీ కొత్తది దొరుకుతుంది.

ఆయిలు పుల్ల లాగి వాసన చూశాను.
మాడు వాసన లేదు. దానిమ్మ రసం రంగు.
కానీ నురగ,
బీరు గ్లాసు అంచున మిగిలేంత.

నురగంటే గాలి.
లోపల పంపు నూనె తాగబోయి
పక్కనుంచి గాలి మింగుతోంది,
చిల్లు పడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చినట్టు.
వేడెక్కాక ఆ చిల్లు తనే మూసుకుంటోంది.
చలికి ముడుచుకుని వేడికి ఉబ్బేది ఏది?

అప్పటికే నాకు తెలిసిపోయింది అనుకుంటా.
పాన్ బోల్టులు విప్పే చేతులు నెమ్మదించాయి.

ఫిల్టరు మెడకి ఓ రబ్బరు ఉంగరం ఉంటుంది,
బొటనవేలికి పట్టేంత.
అక్టోబరులో ఈ ఫిల్టరు మార్చింది నేనే.
పెట్టెలో కొత్త ఉంగరం ఉంది.
పాతది లోపల కరుచుకుని రానంది.
శుక్రవారం, ఐదున్నర,
హాకీ ఆటకి టైమవుతోంది.
బాగానే ఉందిలే, అనుకున్నాను.
ఆ 'బాగానే ఉందిలే' ఇప్పుడు నా అరచేతిలో ఉంది,
గోరు దిగనంత గట్టిగా,
ఓ పక్క వెంట్రుకంత పగులుతో.

"ఏంటది?" అన్నాడు ఆర్మండ్.
తేలు కుట్టిన దొంగ ఎంతసేపు ఓర్చుకోగలడో
అంతసేపూ ఓర్చుకున్నాను.

కొత్త ఉంగరం, కొత్త నూనె, చలిలో ఇంకో రాత్రి.
మర్నాడు డ్రైవులో వేస్తే
ఒకటి అనేలోపే కదిలింది.

థోర్డిస్ వచ్చింది, కోటు నిండా చేపల వాసనతో.
"ఏం పాడైంది?"
"నా శుక్రవారం సాయంత్రం," అన్నాను,
మొత్తం చెప్పేశాను, బిల్లు లేదన్నాను.
ఆ రబ్బరు ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది.
"మరి నా రెండు రోజుల వల?"
దానికి నా దగ్గర స్పేరు పార్టు లేదు.
"శనివారం రా," అంది. "లాగడానికి ఇంకో మనిషి కావాలి."

వెళ్లాను.
సరస్సు మీద గాలికి అడ్డం ఏమీ లేదు.
మంచు కన్నంలోంచి వల తాడు అందించి
"పట్టుకో!" అని అరిచింది.
వేళ్లకి చెప్పాను. వినలేదు.
మళ్లీ చెప్పాను.
థోర్డిస్ నా వంక చూసి
తాపీగా, పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది:
ఒకటి, రెండు, మూడు...